దుబాసీ ఇల్లు మారిన కథ

దుబాసీ అనే మాట ఇప్పుడు నిఘంటువుల్లోనూ, పాత చరిత్ర పుస్తకాల్లోనూ తప్ప కనిపించదు. రెండు భాషలు తెలిసి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసే మనిషి దుబాసీ. ద్విభాషి అన్న సంస్కృతం మాట నోళ్ళలో నలిగి అలా తయారయింది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు చెన్నపట్నంలో కోట కట్టుకుని వర్తకం చేసిన రోజుల్లో దుబాసీ లేనిదే గుడ్డ అమ్ముడయ్యేది కాదు, కాగితం కదిలేది కాదు. పుదుచ్చేరిలో డూప్లే దొర దగ్గర ఆనందరంగ పిళ్ళై వుండేవాడు. తర్వాతి కాలంలో మన వూళ్ళ కైఫీయత్తులు పోగుచేయించిన మెకంజీ దొరకి కావలి వెంకట బొర్రయ్య దొరికాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూసినా, అతని తమ్ముళ్ళు ఆ పని సాగించారు. దొరకి మన భాష రాదు, రైతుకి ఇంగ్లీషు రాదు. మధ్యమనిషి ఎంత చురుకైనవాడైతే పని అంత చురుగ్గా సాగేది.

మా పడమటి మండలాల వాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కుప్పంలో ఏ అంగడి ముందు నిలబడ్డా తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. కూరగాయలు బేరమాడే ఆడవాళ్ళు ఒక్క వాక్యంలోనే రెండు రాష్ట్రాల సరిహద్దులు దాటేస్తారు. వాళ్ళకి దుబాసీ అక్కర్లేదు, వాళ్ళే దుబాసీలు.

కంప్యూటరు పెట్టెలోనూ ఇలాంటి దుబాసీ ఒకడున్నాడు. పెట్టెలో ఆలోచించే భాగం ఒకటి, దాచిపెట్టే భాగం ఒకటి. మొదటిది మెదడు, రెండోది బీరువా అనుకోండి. రెండింటి భాషా వేరు, నడకా వేరు. వాటి మధ్య ఏ తీగ మీద, ఏ మాటల్లో, ఎంత జోరుగా రాకపోకలు సాగాలో తేల్చి చెప్పే ఒప్పందాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. ఇంటర్‌ఫేస్ అంటే భయపడకండి. దుబాసీ అనుకోండి, చాలు.

దీని జోలికి నేనెందుకు వెళ్ళానంటే, పుంగనూరులో వున్న మా తమ్ముడి కొడుకు ఇంట్లో ఆటలాడుకోవడానికి కంప్యూటరు కొనిపెట్టమని పట్టుబట్టాడు. ఆటలంటే వైకుంఠపాళీ కాదు. కొండలూ, కోటలూ, నగరాలూ తెర మీద సృష్టించి అందులో గుర్రాలెక్కి తిరిగే ఆటలు. పెట్టెలోకి కావలసిన సామానంతా తండ్రీ కొడుకులు తేల్చుకున్నారు. చివరికి డిస్కు దగ్గర ఆగిపోయారు. అంగడివాడు మూడు రకాలు రాసిచ్చాడట. మూడూ వెయ్యి గిగాబైట్లే, ధరలు మాత్రం మూడు! ఆరుగజాల చీరలు మూడు ముందు పరిచి, మూడు ధరలు చెప్పినట్టు. చీరలయితే అంచు పట్టుకు చూసి చెప్పేదాన్ని.

"అక్కా, నువ్వు చదువుకున్నదానివి కదా, ఏది మేలో చూసి చెప్పు" అని తమ్ముడు ఫోను. నేను చదివింది బి.ఏ. చరిత్ర. కానీ చరిత్ర చదివినవాళ్ళకి ఒక అలవాటుంటుంది. ఏ వస్తువు చూసినా ఇది ఎక్కడ పుట్టింది, దీనికి ముందు ఏముండేది అని అడుగుతాం. అడిగితే అర్థంకాని పేర్లు కూడా మెల్లగా అర్థమవుతాయి.

డిస్కు పుట్టింది 1956లో. అమెరికాలో శాన్ హొసే అనే వూళ్ళో, ఐ.బి.ఎం. కంపెనీలో, రేనాల్డ్ జాన్సన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో. దాని పేరు రామాక్. రెండేసి అడుగుల వెడల్పున్న పళ్ళేలు 50, ఒకదానిమీద ఒకటి పేర్చి గిర్రున తిప్పేవారు. బరువు ఇంచుమించు టన్ను. అంతా కలిపి దాచుకునేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మన ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అందులో పడితే పడొచ్చు, లేకపోతే లేదు. అంతటి బీరువాని ఏ ఇల్లాలు ఇంట్లో పెట్టుకుంటుంది?

ఇంట్లో పట్టే డిస్కు రావడానికి ఇంకో 24 ఏళ్ళు పట్టింది. 1980లో అలన్ షుగార్ట్ తదితరులు పెట్టిన సీగేట్ కంపెనీ ఎస్.టి. 506 అనే డిస్కు తెచ్చింది. అయిదుంబావు అంగుళాల పళ్ళేలు, 5 మెగాబైట్లు. 1983లో ఐ.బి.ఎం. తన పీసీ ఎక్స్.టి. కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కు పెట్టి అమ్మింది.

ఇక్కడ మన దుబాసీ ప్రవేశం. ఆ డిస్కు ఉత్త మొద్దు. పళ్ళెం తిప్పడం, ముల్లు జరపడం తప్ప దానికేమీ తెలియదు. ముల్లు ఎక్కడికి పోవాలో, అక్కడ కనిపించిన గీతల్ని అక్షరాలుగా ఎలా చదవాలో చెప్పే తెలివంతా కంట్రోలర్ అనే అట్టముక్కలో వుండేది. ఆ అట్టని కంప్యూటరులో గుచ్చి, అక్కణ్ణించి డిస్కుకి రెండు తీగల పట్టీలు లాగేవారు. అంటే దుబాసీ దొరగారి బంగళాలో కాపురం. డిస్కు మాత్రం వూరి బయట. దీంతో ఒక చిక్కు. ఒక కంట్రోలరు చేత రాయించిన డిస్కుని ఇంకో రకం కంట్రోలరుకి తగిలిస్తే అది చదవలేకపోవచ్చు. దుబాసీ మారితే దస్తావేజు చెల్లదన్నమాట. వేగమా? సెకనుకి సుమారు 6 లక్షల అక్షరాలు. ఆ రోజులకి అదే గొప్ప.

1986లో రెండు కబుర్లు. మొదటిది స్కజీ అనే ఇంటర్‌ఫేసు అమెరికాలో జాతీయ ప్రమాణమయింది. ఇది పెద్దింటి వ్యవహారం. ఒకే తీగమీద ఏడు సామాన్లు కట్టుకోవచ్చు. ధరా పెద్దదే. ఆపిల్ కంపెనీవాళ్ళ మకింతోష్‌లలోనూ, ఆఫీసుల పెద్ద యంత్రాలలోనూ స్థిరపడింది.

రెండోది మనలాంటి ఇళ్ళకి పనికొచ్చినది. వెస్టర్న్ డిజిటల్, కాంపాక్ కంపెనీలవాళ్ళు ఆలోచించి, కంట్రోలరుని తీసుకెళ్ళి డిస్కు వీపుమీదే కూర్చోబెట్టారు. దాన్నే ఐ.డి.ఇ. అన్నారు. తెలివితేటలు డిస్కులోనే ఇమిడి వున్నాయని ఆ పేరుకి అర్థం. దుబాసీ బంగళా ఖాళీచేసి డిస్కు ఇంటికే కాపురం వచ్చేశాడు! ఇక ఏ కంపెనీ డిస్కయినా ఏ కంప్యూటరులోనయినా పెట్టుకోవచ్చు. లోపల ఎలా చదువుకుంటుందో దాని ఇంటి గుట్టు. బయటికి మాత్రం అందరికీ తెలిసిన మాటే మాట్లాడుతుంది. డిస్కులు చౌకబడి మధ్యతరగతి ఇళ్ళకి చేరడానికి ఇదొక పెద్ద కారణం. 1994లో దీన్ని ఏ.టి.ఎ. అనే పేరుతో ప్రమాణం చేశారు.

తొంభైలలో, రెండువేల తొలి ఏళ్ళలో కంప్యూటరు విప్పి చూసినవాళ్ళకి గుర్తుండే వుంటుంది, లోపల వెడల్పాటి బూడిదరంగు పట్టీ ఒకటి మడతలు పడి వుండేది. దాని కొసన 40 సూదుల కొక్కెం. ఆ పట్టీకి రెండు డిస్కులు కట్టవచ్చు. కాని ఇద్దరూ ఒకేసారి మాట్లాడడానికి వీల్లేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు మూసుకోవాలి. డిస్కు వెనక చిన్న ప్లాస్టిక్ బుడిపె మార్చి ఒకదాన్ని మాస్టర్ అనీ, ఇంకోదాన్ని స్లేవ్ అనీ పెట్టేవారు. యజమాని, బానిస! ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు, చిన్నకోడలు అని పెట్టుకున్నా సరిపోయేది. 2003లో లాస్ ఏంజెలిస్ కౌంటీ అధికారులు, మాకు సరుకు అమ్మేవాళ్ళు ఇలాంటి మాటలు యంత్రాల మీద రాయకుండా వుంటే మంచిదని కోరారు. ఇంజనీర్లకి తట్టనిది గుమాస్తాలకి తట్టింది.

ఆ పట్టీల కాలం చివరి రోజుల్లోనే కంప్యూటరు మా పల్లెల గడప తొక్కింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టి కంప్యూటర్లు వుంచారు. అందులో నాకు బాగా నచ్చినది ఆడవాళ్ళ పని ఒకటి. పొదుపు సంఘాల్లోని స్త్రీలకి డిజిటల్ కెమెరా, ఎండతో ఛార్జి అయ్యే పరికరం, చిన్న ప్రింటరు ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పించారు. అవి భుజాన వేసుకుని వూరూరా తిరిగి, గుర్తింపు కార్డులకీ, శుభకార్యాలకీ ఫొటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. అప్పటిదాకా ఫొటో అంటే టౌనుకి బస్సెక్కడమే. ఆ ఏడు మన దేశంలో ఇంట్లోగాని, ఆఫీసులోగాని మామూలు కంప్యూటరు తెరిస్తే లోపల కనిపించేది ఆ బూడిదరంగు పట్టీయే. మన తొలి డిజిటల్ ఫొటోలన్నీ ఆ పట్టీ మీద నడిచి డిస్కు చేరుకున్నవే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ పట్టీ వేగం సెకనుకి 133 మెగాబైట్ల దగ్గర ఆగిపోయింది. పక్కపక్కన అన్ని తీగల్లో ఒకేసారి మాటలు పరిగెత్తిస్తే ఒకదాని గోల ఇంకోదానికి తగులుతుంది. ఇంకా జోరు పెంచడం కుదరలేదు. అంచేత 2003లో సాటా వచ్చింది. వేలెడు వెడల్పు కూడా లేని సన్న తీగ. ఒక తీగకి ఒకే డిస్కు. పెద్దకోడలు, చిన్నకోడలు తగవు తీరి ఎవరి కాపురం వారిదయింది. మొదట సెకనుకి 150 మెగాబైట్లు, తర్వాత 300, 2009 నాటికి 600.

మా తమ్ముడి చేతిలోని కాగితం మీద అంగడివాడు ఈ 600నే పెద్ద అక్షరాలతో రాశాడు. దాని పక్కనే మూడో రకానికి 7000 అని రాశాడు. "అత్తా, సాటా ఏంది, ఎన్.వి.ఎం.ఇ. ఏంది అని నాయిన అడగతాడు, నాకు చెప్పేదానికి రావడంలా. నువ్వు చెబితే వింటాడు" అని మేనల్లుడి మొర. వాడికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. ఆ అంకెలు దుబాసీ ఎంత గబగబా మాట్లాడగలడో చెబుతాయి. బీరువాలోంచి సామాను ఎంత గబగబా బయటికొస్తుందో చెప్పవు.

తిరిగే డిస్కు సంగతి చూడండి. అది నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అబ్బో అనిపిస్తుంది కదా? లెక్కవేస్తే ఒక్క చుట్టుకి సెకనులో నూట ఇరవయ్యో వంతు. కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం కాలం వేచి వుండాలి. దానికి ముందు ముల్లు ఆ వరుసకి జరగాలి. రెండూ కలిపి సెకనులో సుమారు ఎనభయ్యో వంతు. అంటే ఒక్కో చోట ఒక్కో చిన్న ముక్క తెమ్మంటే సెకనుకి ఎనభై, తొంభై ముక్కలకి మించి తేలేదు. అన్నీ ఒకేచోట వరుసగా వుంటే మాత్రం సెకనుకి 150 నుంచి 250 మెగాబైట్ల దాకా ఇస్తుంది. అటకమీద బియ్యం మూట ఒక్కటే దించాలంటే ఒక్కసారి నిచ్చెనెక్కితే చాలు. పోపుడబ్బా, చింతపండు, అప్పడాలు, పండక్కి వాడే ఇత్తడి గిన్నె వేర్వేరు మూలల్లో వుంటే? నిచ్చెన జరపడానికే పొద్దుపోతుంది. వంటింటి గుమ్మం ఎంత వెడల్పు చేస్తే మాత్రం ఏం లాభం?

సాటా వచ్చిన కొత్తలో 150 అని గొప్పగా చెప్పినప్పుడు, ఆనాటి డిస్కులు పళ్ళెం మీంచి అందులో సగం కూడా తీయలేకపోయేవి. 600 వచ్చాక కూడా తిరిగే డిస్కు దాన్ని నింపలేదు. అంచేత హార్డ్ డిస్కు అట్టపెట్టెమీద ఇంటర్‌ఫేస్ అంకె చూసి మురిసిపోయి ఎక్కువ డబ్బివ్వడం వృథా.

ఆటకి ఈ సంగతి మరీ ముఖ్యం. ఆట అంటే వేలకొద్దీ చిన్న ముక్కలు. చెట్టు బెరడు ఒకటి, గోడ రంగు ఒకటి, గుర్రం డెక్కల చప్పుడు ఒకటి. ఆటగాడు మలుపు తిరిగేసరికి అవన్నీ సిద్ధంగా వుండాలి. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఒకటి రెండు ఫ్లాపీల్లో ఇమిడిపోయింది. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్‌కి 125 గిగాబైట్ల చోటు కావాలి. అంతేకాదు, తిరిగే డిస్కు పనికిరాదు, ఎస్.ఎస్.డి. వుండి తీరాలని దాన్ని తయారుచేసినవాళ్ళే షరతు పెట్టారు.

ఎస్.ఎస్.డి. అంటే పళ్ళెం లేదు, ముల్లు లేదు. చిప్పుల్లో దాచుకోవడమే. అటక తీసేసి అన్ని డబ్బాలూ చేతికందే అలమారలో సర్దినట్టు. ముక్క ఎక్కడున్నా సెకనులో పదివేలవ వంతులో అందుతుంది. తిరిగే డిస్కు మీద నిమిషాలు పట్టే ఆట దీనిమీద సెకన్లలో తెరుచుకుంటుంది. ఈ ఎస్.ఎస్.డి.లు ఇళ్ళలో బాగా వ్యాపించింది సాటా తీగతోనే. అప్పుడు దుబాసీకి చేతకాలేదు. అతను తిరిగే డిస్కుల కాలపువాడు. వరుస ఒక్కటే, అందులో 32 మంది కంటే నిలబడకూడదన్నది అతని పద్ధతి. రేషను అంగట్లో సరుకు లోపల పుష్కలంగా వుంది, తూచేవాడు చురుగ్గా వున్నాడు, కిటికీ మాత్రం ఒక్కటే!

దీనికి విరుగుడుగా 2011 మార్చిలో ఎన్.వి.ఎం.ఇ. అనే కొత్త ఒప్పందం రాసుకున్నారు. ఇందులో సుమారు 65 వేల వరుసలు పెట్టుకోవచ్చు, ఒక్కో వరుసలో 65 వేల కోరికలు నిలబడవచ్చు. ఇంటి కంప్యూటరుకి అన్ని అక్కర్లేదనుకోండి. అసలు విశేషం, ఈ డిస్కు పాత తీగల జోలికి పోకుండా గ్రాఫిక్స్ కార్డు వాడే రాజమార్గం మీదే మెదడుని చేరుకుంటుంది. కుప్పం ఆడవాళ్ళలాగా మధ్యవర్తి లేకుండా సూటిగా మాట్లాడుతుంది. రూపమా? 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడుగు, చూయింగ్ గమ్ రేకంత. ఇంతదానికి అంత డబ్బా అని మా తమ్ముడు నోరు నొక్కుకున్నాడు. పుంగనూరు ఆవు మూడడుగులు దాటని ఎత్తులో చిక్కటి పాలిస్తుంటే ఆ వూరివాడు ఇలా అనవచ్చునా?

ఈ దారిలోనూ తరాలున్నాయి. మూడో తరం సెకనుకి 3500 మెగాబైట్ల ప్రాంతం, నాలుగో తరం 7000, అయిదో తరం 14000 దాకా. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ కొత్త పెట్టెలు రెండూ ఈ రకం డిస్కులతోనే వచ్చాయి. ప్లేస్టేషన్‌ది సెకనుకి 5500. 2022లో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ కంప్యూటర్లకి డైరెక్ట్ స్టోరేజ్ అనే ఏర్పాటు ఇచ్చింది. ఎన్.వి.ఎం.ఇ. డిస్కులు అందించే వేగాన్ని ఆటలు పూర్తిగా వాడుకునేందుకు అది సాయం చేస్తుంది. అయితే దాన్ని వాడుకునేలా ఆటని రాయాలి. రాయని ఆటలు బోలెడున్నాయి. అలాంటివాటిలో సాటా ఎస్.ఎస్.డి.కి, ఎన్.వి.ఎం.ఇ.కి తేడా కొద్ది సెకన్లే. తిరిగే డిస్కునుంచి ఎస్.ఎస్.డి.కి వెళ్ళడం కాలినడకనుంచి బస్సుకి మారడం. ఆ పైన మార్పులు ఆర్డినరీ బస్సుకి, ఎక్స్‌ప్రెస్‌కి వున్న తేడా. పుంగనూరునుంచి మదనపల్లెకి రావడానికి ఎక్స్‌ప్రెస్ ఎక్కినా ఎంత మిగులుతుంది?

ఇదంతా చెప్పి తమ్ముడికి నేనిచ్చిన తీర్పు ఇది. కొత్త పెట్టెకి నాలుగో తరం ఎన్.వి.ఎం.ఇ. డిస్కు, పేరున్న కంపెనీది, మధ్యరకం చాలు. దానిమీద విండోస్, ఆటలు. అయిదో తరానికి అదనంగా పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే పిల్లాడి కంటికి కనిపిస్తుంది. ఇంట్లో ఫొటోలు, సినిమాలు, పాఠాలు దాచడానికి మాత్రం తిరిగే సాటా డిస్కు ఒకటి. దాని నెమ్మదితనంవల్ల అక్కడ నష్టం లేదు, చౌకగా ఎక్కువ పడుతుంది. మీ ఇంట్లో కంప్యూటరు పాతదై, ఎన్.వి.ఎం.ఇ. పెట్టే సందే లేకపోతే బెంగపడకండి. సాటా ఎస్.ఎస్.డి. ఒకటి వేయిస్తే దానికి కొత్త ప్రాణం వస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఎం.2 అని అంగడివాళ్ళు చెప్పేది ఆకారం పేరు మాత్రమే. ఆ రేకు ఆకారంలో సాటావీ వస్తాయి, ఎన్.వి.ఎం.ఇ.వీ వస్తాయి. అందరు మనుషులూ చూడ్డానికి ఒకేలా వున్నా మాట్లాడే భాష వేరయినట్టు. మదర్ బోర్డు పుస్తకంలో ఆ సందుకి ఏ భాష వచ్చో చూసి మరీ కొనాలి. రెండోది, సర్వర్లనుంచి తీసిన ఎస్.ఎ.ఎస్. డిస్కులు చౌకగా వస్తున్నాయని ఎవరైనా చూపిస్తే ఆగండి. కొక్కెం సాటాకి దగ్గరగా కనిపిస్తుంది గాని, ఇంటి కంప్యూటరు సాటా సందులో అవి పనిచేయవు. అవి స్కజీ వంశం, పెద్దింటి బిడ్డలు.

పిల్లాడి కొత్త పెట్టె సంగతి తేలింది. కాని ఇంట్లో పాతదొకటి వుంది. 2005లో కొన్నది, అటకమీద దుమ్ము పట్టి వుంది. "ఇంక దాంతో ఏం పనక్కా, పాత సామాన్లవాడికి వేసేస్తా" అన్నాడు తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. 2006లో వాళ్ళ గృహప్రవేశం ఫొటోలన్నీ అందులోనే వున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ రోజు మా అమ్మ కూర్చుని పాడిన పెళ్ళిపాటలు, మంగళహారతులు చిన్న కెమెరాతో తీసి అందులోనే వుంచారు. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పాటలు ఆవిడ కాగితం మీద ఎన్నడూ రాసుకోలేదు, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ లేరు.

ఆ కంప్యూటరు బతకలేదు. డిస్కు విప్పితే 40 సూదుల కొక్కెం. కొత్త మదర్ బోర్డులో దానికి సందే లేదు. డిస్కు క్షేమం, అందులోని పాట క్షేమం, దుబాసీ భాష మాత్రం ఎవరికీ తెలియకుండా పోయింది!

మా ప్రాంతం ఇలాంటిది ఒకసారి చూసింది. పాకాలనుంచి మదనపల్లె రోడ్ మీదుగా ధర్మవరం పోయే రైలు దారి పందొమ్మిదో శతాబ్దం చివర వేసింది, మీటరు గేజి. పట్టాల మధ్య మీటరు ఎడం. అటు కుప్పం మీదుగా బెంగుళూరు పోయేది బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. ఆ బండి ఈ పట్టాలెక్కదు. సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకోదానిలోకి ఎక్కించాల్సిందే. మా దారి కూడా 2010 నాటికల్లా బ్రాడ్ గేజి అయిపోయింది. మీటరు గేజి పెట్టెలు ఎంత దిట్టంగా వున్నా ఇక ఇటు రావు. వస్తువు అరగకుండానే దారి మూసుకుపోవడమంటే ఇదే.

అదృష్టం కొద్దీ డిస్కులకి సరుకు మార్చే స్టేషను ఇంకా వుంది. పాత ఐ.డి.ఇ. డిస్కుని యు.ఎస్.బి. సందుకి కలిపే చిన్న అడాప్టరు దొరుకుతుంది, విడిగా కరెంటు ఇచ్చే తీగతో సహా. మదనపల్లెలో ఒక అంగడివాడు రెండు వారాల్లో తెప్పించి ఇచ్చాడు. డిస్కు వెనక బుడిపె మాస్టర్ స్థానంలోకి మార్చి, మేనల్లుడు దాన్ని తగిలించాడు. మొదట కిర్రుమంది, తర్వాత గిర్రున తిరిగింది. అరగంటలో గృహప్రవేశం బయటపడింది. పిల్లాడికి అవ్వ ముఖం లీలగా మాత్రమే జ్ఞాపకం. ఆవిడ గొంతు విని కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. మామూలుగా ఆట మొదలయ్యేముందు అలా కూర్చుంటాడని వాళ్ళమ్మ చెప్పింది.

"వదినా, ఇప్పుడు కొన్న ఈ రేకుకి కూడా ఇరవై ఏళ్ళకి సందు దొరకదేమో కదా?" అంది మా మరదలు. దొరక్కపోవచ్చు. ఎస్.టి. 506 పోయింది, స్కజీ పోయింది, ఐ.డి.ఇ. పోయింది. సాటా ఇంకా వుందిగాని, కొత్త బోర్డుల్లో దాని సందులు తగ్గుతున్నాయి. ఎన్.వి.ఎం.ఇ. మాత్రం చిరంజీవా? అంచేత కంప్యూటరు మార్చిన ప్రతిసారీ, కొత్తది ఎంత వేగమని అడగడానికి ముందు, పాతదానిలో ఏముందని అడగాలి. పాత కొక్కేలకి అడాప్టర్లు దొరుకుతున్న రోజుల్లోనే ఆ పని ముగించుకోవాలి. మీ అటకమీదా ఒక పెట్టె వుంటే ఈ ఆదివారమే దించి చూడండి.

ఆట పోతే మళ్ళీ డబ్బివ్వకుండానే దించుకోవచ్చట. పిల్లాడే చెప్పాడు. ఆ మాట చెప్పినవాడే తన సామాన్ల కాగితం తీసి, అడుగున ఒక వరుస చేర్చాడు: "అవ్వ పాటలు - సాటా డిస్కులో ఒకటి, అత్త ఇంట్లో ఒకటి."